బీరూట్‌లో మట్టల ఆదివారం

ఏప్రిల్ 11, 2019, గురువారం

"మేడమ్, మనవాళ్లు కూడా చంపారా?"

నాలుగేళ్ల కిందట సెకండియర్ చదివే ఒక అమ్మాయి నన్ను క్లాసులో అడిగిన ప్రశ్న ఇది. నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. లెబనాన్ అంతర్యుద్ధం మా నోట్సులో అరపేజీ. 1975లో మొదలై 1990లో ముగిసింది, క్రైస్తవ, ముస్లిం మిలీషియాల (ప్రైవేటు సాయుధ దళాల) మధ్య జరిగింది, సుమారు లక్షన్నర మంది చనిపోయారు అని రాయించి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేదాన్ని. ఆ అమ్మాయీ నేనూ ఒకే చర్చికి వెళ్తాం. ఆమె అడిగిన 'మనవాళ్లు' ఎవరో నాకు వెంటనే అర్థమైంది. "చంపారమ్మా" అన్నాను. "ఎందుకు?" అంది. గంట కొట్టారు. నిజానికి గంట కొట్టకపోయినా నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు పన్నెండేళ్లుగా దుబాయ్‌లో ఉంటున్నాడు. వాడి ఆఫీసులో బీరూట్ అతనొకడు మంచి స్నేహితుడు. వాళ్ల బాబాయ్‌కి టాక్సీ ఉంది, నమ్మకస్తుడు, మిమ్మల్ని తిప్పి చూపిస్తాడు అన్నాడట. అలా కుదిరింది ఈ ప్రయాణం. దుబాయ్‌లో తమ్ముణ్ణి కలుపుకుని, రాత్రి పదకొండు దాటాక బీరూట్‌లో దిగాను.

బయట ఆయన మా కోసం నిలబడి ఉన్నాడు. అరవై రెండేళ్లు, తెల్ల మీసం, పాత మెర్సిడెస్ కారు. "నన్ను అందరూ అమ్మో అంటారు" అన్నాడు. మనకు భయమేస్తే నోటికొచ్చే మాట, వాళ్లకు బాబాయ్ అని పిలిచే మాట. అద్దానికి ఒక జపమాల వేలాడుతోంది. ఊరు పేరు అడిగితే షూఫ్ కొండల్లో పల్లె అని, ఇప్పుడు ఉండేది అయిన్ అల్-రుమ్మానేలో అని చెప్పాడు. ఆ రెండో పేరు వినగానే నాకు నిద్ర మత్తు వదిలిపోయింది.

ఏప్రిల్ 12, శుక్రవారం

పొద్దున్నే ఊరి నడిబొడ్డున అమరవీరుల చౌక్‌కి వెళ్లాం. నీలం గుమ్మటాల మొహమ్మద్ అల్-అమీన్ మసీదు, దాన్ని ఆనుకున్నట్టుగా సెయింట్ జార్జ్ మరోనైట్ కథీడ్రల్. మరోనైట్లంటే ఇక్కడి క్రైస్తవుల్లో పెద్ద శాఖ. కథీడ్రల్ గంటల స్తంభాన్ని మసీదు మినార్లతో సమానమైన ఎత్తులో కట్టారు, 2016లో పూర్తయింది. టూరిస్టులు ఈ రెండింటినీ ఒకే ఫొటోలో పెట్టుకోవాలని వెనక్కి వెనక్కి నడుస్తూ ఉంటారు. మేమూ తీసుకున్నాం.

కానీ నేను ఎక్కువసేపు నిలబడింది చౌక్ మధ్యలో ఉన్న కంచు విగ్రహాల దగ్గర. 1916 మే 6న ఒట్టోమాన్ గవర్నర్ జమాల్ పాషా ఇక్కడ కొందరిని ఉరి తీయించాడు. వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. వాళ్ల గుర్తుగా నిలిపిన విగ్రహాలివి. అంతర్యుద్ధంలో వీటికి తూట్లు పడ్డాయి. బాగు చేయించినప్పుడు ఆ తూట్లను పూడ్చకుండా అలాగే ఉంచారు. ఒక విగ్రహానికి చెయ్యి లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే వేలు పట్టేంత రంధ్రాలు. ఏ వైపు నుంచి వచ్చిన తూటా ఏదో చెప్పలేం, ఎందుకంటే రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఈ చౌక్ నుంచి డమాస్కస్ రోడ్డు వెంబడి దక్షిణానికి సాగిన గీతే గ్రీన్ లైన్. తూర్పున క్రైస్తవ మిలీషియాలు, పడమట ముస్లిం, వామపక్ష, పాలస్తీనా దళాలు. మధ్యలో మనుషులు తిరగక చెట్లు, పిచ్చి మొక్కలు మొలిచాయి. పదిహేనేళ్లు ఒక రాజధాని నడివీధిలో అడవి పెరిగింది.

తమ్ముడికి రాజకీయం చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ ప్రభుత్వం గుర్తించిన మతశాఖలు 18. 1943లో పెద్దల మధ్య ఒక ఒప్పందం కుదిరింది, అది కాగితం మీద రాసుకున్నది కాదు, నోటిమాట. అధ్యక్షుడు మరోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. పార్లమెంటులో ఆరుగురు క్రైస్తవులకు ఐదుగురు ముస్లింలు. దీనికి ఆధారం 1932 జనాభా లెక్కలు. ఆ తర్వాత జనాభా లెక్కలే తీయలేదు.

"ఇప్పటికీ?" అన్నాడు వాడు.

"ఇప్పటికీ. లెక్క తీస్తే ఎవరు ఎంతమందో తెలుస్తుంది, తెలిస్తే వాటాలు మార్చాలి."

యుద్ధం ముగించిన 1989 తాయిఫ్ ఒప్పందం ఆరుకు ఐదును సగం సగం చేసింది. మూడు కుర్చీలు మాత్రం ఏ మతానివి ఆ మతానికే ఉన్నాయి.

మధ్యాహ్నం జుమ్మా నమాజు. మసీదు ముందు చెప్పులు, ఎండలో మెరిసే రాళ్లు. నేను మెట్ల పక్కన నీడలో కూర్చున్నాను. మెడలో నా సన్న గొలుసు, దానికి చిన్న సిలువ. ఎవరూ నా వైపు చూడలేదు. అయినా చెయ్యి దానంతటదే సిలువ మీదికి వెళ్లింది. దాచుకోవడానికో పట్టుకోవడానికో నాకే తెలియలేదు.

ఏప్రిల్ 13, శనివారం

ఈ తేదీ కోసమే ప్రయాణం ఇలా పెట్టుకున్నాను. 1975లో ఏప్రిల్ 13 ఆదివారం. అయిన్ అల్-రుమ్మానేలో కొత్తగా కట్టిన చర్చి ముందు కారులో వచ్చినవాళ్లు కాల్పులు జరిపారు. లోపల క్రైస్తవుల కతాయెబ్ పార్టీ స్థాపకుడు పియెర్ జెమాయెల్ ఉన్నాడు. నలుగురు చనిపోయారు. కొన్ని గంటల తర్వాత ఆ వీధిలోంచే పాలస్తీనా వాళ్లతో ఒక బస్సు వచ్చింది. కతాయెబ్ మిలీషియా దాన్ని ఆపి కాల్చింది. చనిపోయినవాళ్లు 27 మంది అని ఎక్కువగా చెప్తారు. పదిహేనేళ్ల యుద్ధానికి ఆరంభం ఈ వీధే అని లెబనాన్ అంతా అంటుంది.

అయిన్ అల్-రుమ్మానే అంటే దానిమ్మ ఊట. ఊట లేదు, దానిమ్మ చెట్లూ కనబడలేదు. ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లు, బాల్కనీలకు ఎండకు వెలిసిన పరదాలు, మూలకొక గాజుపెట్టెలో మరియమ్మ విగ్రహం. అమ్మో కారు ఆపి "ఇదే వీధి" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఆ ఆదివారం నువ్వెక్కడున్నావు అని తమ్ముడు అడిగాడు. "ఇక్కడే. మా మేనమామ మెకానిక్ షెడ్డులో. పద్దెనిమిదేళ్లు నాకు" అని ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

సాయంత్రం ఆయన్ని పంపేసి మేమిద్దరం నడిచి వచ్చాం. పాత సైదా రోడ్డు దాటితే షియ్యాహ్. అక్కడ షియాలు ఎక్కువ. రోడ్డు వెడల్పు మన బ్రాడీపేట మెయిన్ రోడ్డు కంటే పెద్దదేం కాదు. ఇటువైపు మరియమ్మ, అటువైపు షియాల నాయకుడు ఇమామ్ మూసా సదర్ ఫొటోలు. ఇటు గోడల మీదా అటు గోడల మీదా తూట్లు మాత్రం ఒకేలా ఉన్నాయి.

షియ్యాహ్‌లో ఒక కిరాణా కొట్టు పెద్దాయన మాకు స్టూళ్లు వేశాడు. తమ్ముడి దుబాయ్ అరబిక్ విని నవ్వి, మెల్లగా మాట్లాడాడు. ఇక్కడివాళ్లు యుద్ధాన్ని యుద్ధం అనరు, 'అహ్‌దాస్' అంటారు, అంటే 'జరిగిన సంగతులు'. ఆయన అన్న పోర్టులో మూటలు మోసేవాడట. 1975 డిసెంబరు 6, శనివారం. ఆ రోజు తెల్లవారే నలుగురు క్రైస్తవ యువకుల శవాలు దొరికాయి. కతాయెబ్ వాళ్లు రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టారు. అప్పట్లో గుర్తింపు కార్డు మీద మతం రాసి ఉండేది. కార్డు చూపించమన్నారు, ముస్లిం అని ఉంటే పక్కకు తీసుకెళ్లారు. సాయంత్రానికి అటువైపు వాళ్లూ చెక్‌పోస్టులు పెట్టి క్రైస్తవులను అలాగే దించారు. ఆ ఒక్కరోజే వందల మంది. నల్ల శనివారం అంటారు దాన్ని.

"మా అన్న జేబులో కార్డుతో పాటు చెల్లెలికి కొన్న రిబ్బను ఉంది. పొద్దున బస్సెక్కే ముందు నాకు చూపించాడు" అన్నాడు పెద్దాయన. శవం దొరకలేదట. మేం డబ్బులిచ్చినా తీసుకోకుండా రెండు జ్యూసు ప్యాకెట్లు చేతిలో పెట్టాడు.

కాగితం మీద ఒక్క లైను ఏం చేయగలదో మా ఇంట్లో కొంత తెలుసు. మా తాతలు మాల కుటుంబం, బాప్తిస్మం తీసుకున్నాక సర్టిఫికెట్‌లో మేం బీసీ-సీ అయ్యాం. నాన్న చదువు, ఉద్యోగం అన్నీ ఆ లైను చుట్టూ తిరిగాయి. కానీ ఆ లైను చూసి నాన్నను ఎవరూ గోడ దగ్గర నిలబెట్టలేదు. ఈ రెంటికీ పోలిక పెట్టకూడదు. అయినా రాత్రి పడుకుంటే నాన్న ఫైలులోని ఆ పాత కాగితమే కళ్లముందు మెదిలింది.

ఏప్రిల్ 14, ఆదివారం

మట్టల ఆదివారం. ఇక్కడ 'షఆనీనె' అంటారు. మన దగ్గర పిల్లలు ఈత మట్టలు పట్టుకుని హోసన్నా అంటూ వీధుల్లో తిరిగితే, ఇక్కడ ఒలీవ కొమ్మలు, పూలూ రిబ్బన్లూ చుట్టిన పొడవాటి కొవ్వొత్తులు. తెల్ల గౌన్ల ఆడపిల్లలు నాన్నల భుజాల మీద కూర్చుని కొవ్వొత్తిని రెండు చేతులా పట్టుకున్నారు. పాట భాష తెలియకపోయినా హోసన్నా అన్నచోట గొంతు కలిపాను. నా వెనక వరసలో ముగ్గురు శ్రీలంక ఆడవాళ్లు, ఇళ్లల్లో పనికి వచ్చినవాళ్లు. ఒకామె నన్ను చూసి తమిళంలో ఏ ఊరని అడిగింది. మాది ఆంధ్ర అంటే చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ప్రభురాత్రి భోజన సంస్కారానికి అందరూ లేచి వరసలో నిలబడ్డారు. నేను లూథరన్‌ని, వాళ్లు మరోనైట్లు కాబట్టి కూర్చుండిపోయాను. అప్పుడు చూశాను, అమ్మో కూడా వరసలోకి రాలేదు. ఆయన అసలు లోపలే కూర్చోలేదు. తలుపు దగ్గర, సగం బయట నిలబడి ఉన్నాడు. భార్యా మనవరాళ్లూ వెళ్లి తీసుకుని వచ్చారు. ఆయన నేల చూస్తూ ఉన్నాడు. కారు పార్కింగ్ గురించి చూస్తున్నాడేమో అనుకున్నాను.

మధ్యాహ్నం సముద్రం వైపు హోటళ్ల దగ్గరికి. హాలిడే ఇన్ ఇప్పటికీ అలాగే ఉంది, 26 అంతస్తుల ఖాళీ గూడు. 1975 అక్టోబరు నుంచి 1976 మార్చి దాకా ఈ హోటళ్ల కోసం కొట్టుకున్నారు. పై అంతస్తు చేతిలో ఉంటే ఊరంతా తుపాకీ కింద ఉన్నట్టే. పక్కనే ఫినీసియా హోటల్ కొత్తగా తళతళలాడుతోంది, పెళ్లి కార్లు వస్తున్నాయి.

ఆ కాలపు ఫొటోలు ఎన్నో చూశాను. వాటిలో నన్ను వదలనిది, తుపాకీ మడమ మీద అంటించిన మరియమ్మ బొమ్మ. మెడలో సిలువ వేలాడుతుండగా గురిపెట్టిన కుర్రవాళ్లు. మేం మా జనాన్ని కాపాడుకుంటున్నాం అన్నారు వాళ్లు. నిజంగా భయం ఉంది, అది నేను కాదనను. చుట్టూ ముస్లిం దేశాలు, లోపల ఆయుధాలున్న పాలస్తీనా దళాలు, ఏటేటా తగ్గుతున్న తమ సంఖ్య. అటువైపు వాళ్లకూ తమ కారణాలున్నాయి. పేదరికం, రాజ్యంలో తక్కువ వాటా, మీరెప్పటికీ రెండోవాళ్లే అన్న చూపు. భయం ఉన్నచోట మొదట వీధి కాపలా కమిటీ పుడుతుంది. తర్వాత దానికి జీతాలు కావాలి, పెట్రోలు కావాలి. చెక్‌పోస్టులో పన్ను, పోర్టులో ఒక రేవు, దొంగ సరుకు. ఇవన్నీ చేతికొచ్చాక కాపాడాల్సిన జనమే అడ్డొస్తారు. 1978 జూన్‌లో ఎహ్‌దెన్‌లో కతాయెబ్ వాళ్లు చంపిన టోనీ ఫ్రాంజియె మరోనైటే. ఆయనతో పాటు భార్యనూ మూడేళ్ల కూతురినీ చంపారు. 1980లో సఫ్రాలో చచ్చిన టైగర్స్ మిలీషియా కుర్రాళ్లూ క్రైస్తవులే. 1985 తర్వాత పాలస్తీనా క్యాంపులను చుట్టుముట్టి ఆకలితో మాడ్చింది షియాల అమల్ మిలీషియా. చివరికి రెండూ షియాలవే అయిన అమల్, హిజ్బుల్లా కూడా ఒకరినొకరు కాల్చుకున్నారు.

మనవాళ్లు కూడా చంపారా అని అడిగిన అమ్మాయికి సగం జవాబే చెప్పానని ఆ హోటల్ కింద నిలబడ్డప్పుడు తెలిసింది. మనవాళ్లు మనవాళ్లనే చంపారమ్మా అని కూడా చెప్పి ఉండాల్సింది.

ఏప్రిల్ 15, సోమవారం

షూఫ్ కొండలకు. సముద్రం పక్క రోడ్డు మీద అరటి తోటలు, వాటి పక్కన దామూర్. అమ్మో వేగం తగ్గించాడు. 1976 జనవరి 18న బీరూట్ పోర్టు దగ్గరి కరంతినా బస్తీని క్రైస్తవ మిలీషియాలు తుడిచిపెట్టాయి. అక్కడ ఉన్నది పేద ముస్లింలు, పాలస్తీనా వాళ్లు, కుర్దులు. సరిగ్గా రెండు రోజులకు, జనవరి 20న, పాలస్తీనా దళాలూ వాళ్ల మిత్రులూ ఈ దామూర్ మీద పడ్డారు. ఇక్కడ ఉన్నది క్రైస్తవులు. రెండుచోట్లా వందల మంది, రెండుచోట్లా ఆడవాళ్లూ పిల్లలూ. కరంతినాకు బదులు దామూర్ అంటారు. బదులు తీర్చుకున్నది కరంతినాలో పోయినవాళ్లు కాదు, బదులు చెల్లించింది కరంతినాలో చంపినవాళ్లూ కాదు. ఈ 'బదులు' అన్న మాటే నాకు మింగుడుపడదు.

కొండెక్కితే దైర్ అల్-కమర్. పేరుకు చంద్రుడి మఠం అని అర్థం. రాతి చౌక్‌లో 1493 నాటి మసీదు, దాని మినార్ కాస్త పక్కకు ఒరిగింది. అక్కడికి దగ్గర్లోనే సయ్యిదత్ అల్-తల్లె చర్చి. 1860లో ద్రూజులనే మతస్థులకూ మరోనైట్లకూ జరిగిన పోరులో ఈ ఊళ్లో పెద్ద ఊచకోత జరిగింది. నూట ఇరవై మూడేళ్ల తర్వాత మళ్లీ ఇక్కడే. 1982లో ఇజ్రాయెల్ సైన్యం వెనకాలే లెబనీస్ ఫోర్సెస్ అనే క్రైస్తవ మిలీషియా ఈ కొండల్లోకి వచ్చి చెక్‌పోస్టులు పెట్టింది, కిడ్నాపులు మొదలయ్యాయి. 1983 సెప్టెంబరులో ఇజ్రాయెల్ వెనక్కి తగ్గగానే ద్రూజు మిలీషియా విరుచుకుపడింది. పల్లెలకు పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలమంది క్రైస్తవులు ఈ ఒక్క ఊళ్లో దూరి దాదాపు మూడు నెలలు ముట్టడిలో బతికారు. ద్రూజుల మతం వేరే అయినా లెబనాన్ వాటాల లెక్కలో ముస్లింల వైపే లెక్కిస్తారు.

అమ్మో తండ్రి ఆ సెప్టెంబరులోనే తన పల్లెలో చనిపోయాడు. ఇల్లు వదిలి రానన్నాడట.

పల్లె పేరు రాయను. పైకప్పు కొత్తగా వేసిన రెండు గదుల రాతి ఇల్లు, చుట్టూ ఒలీవ చెట్లు. 1990ల్లో నిర్వాసితుల కోసం ఏకంగా ఒక మంత్రిత్వశాఖనే పెట్టారు. దాని పరిహారంతో కట్టుకున్నాడు. 2001 ఆగస్టులో మరోనైట్ పెద్ద గురువు నస్రల్లా స్ఫేయిర్ ఈ కొండలకు వచ్చి ద్రూజు నాయకుడు వలీద్ జుంబ్లాత్‌ను కలిసిన తర్వాతే అమ్మో ఇక్కడ రాత్రి పడుకున్నాడట. మేం కారు దిగిన పది నిమిషాలకు పక్కింటి ద్రూజు ముసలాయన తెల్ల టోపీతో కాఫీ పళ్లెం పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఒలీవ కాపు గురించి, నీళ్ల పైపు గురించి మాట్లాడుకున్నారు. తమ్ముడు నాకు చెవిలో తర్జుమా చేస్తూనే ఉన్నాడు. 1983 మాట ఒక్కటీ రాలేదు. వెళ్లేటప్పుడు ముసలాయన నాకు నిమ్మకాయలు ఇచ్చాడు.

"ఆయనకు తెలుసా మీ నాన్నను ఎవరు చంపారో?" అని దిగుతున్న రోడ్డు మీద తమ్ముడు అడిగేశాడు. అడక్కుండా ఉండాల్సింది.

"తెలుసు. నేను అడగను" అన్నాడు అమ్మో. తర్వాత రెండు మలుపులు దాటాక, మమ్మల్ని చూడకుండా, ఇంగ్లీషులోనే అన్నాడు: "అడిగితే, ఆయన నన్ను కూడా అడగొచ్చు. నేనూ నిలబడ్డాను హాజిజ్‌లో. ఇక్కడ కాదు, బీరూట్‌లో. 1976లో."

హాజిజ్ అంటే చెక్‌పోస్టు. మేం ఏమీ అనలేదు. నాకు ఆదివారం చర్చి తలుపు గుర్తొచ్చింది. చేతిలో నిమ్మకాయల వాసన. ఈ మనిషి కారులో నాలుగు రోజులుగా తిరుగుతున్నాను, ఈయన భార్య వడ్డించిన అన్నం తిన్నాను. షియ్యాహ్ కొట్టు పెద్దాయన అన్న జేబులోని రిబ్బను కూడా గుర్తొచ్చింది. కారు దిగిపోవాలనిపించింది. దిగలేదు.

రాత్రి హోటల్ లాబీలో జనం టీవీ ముందు గుమిగూడారు. పారిస్‌లో నోట్రడామ్ చర్చి తగలబడుతోంది. ఒక ముసలామె ఏడుస్తోంది. పనిచేసే కుర్రాడు, పేరును బట్టి ముస్లిం, ఆమెకు నీళ్ల గ్లాసు తెచ్చి పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. గోపురం కూలినప్పుడు అతని నోటి నుంచీ అయ్యో అన్నట్టు శబ్దం వచ్చింది.

ఏప్రిల్ 16, మంగళవారం

నేషనల్ మ్యూజియం. సరిగ్గా గ్రీన్ లైన్ మీద ఉంది. యుద్ధకాలంలో తూర్పు నుంచి పడమటికి దాటే పెద్ద దారి ఇదే, 'మత్‌హఫ్' క్రాసింగ్ అనేవారు. మ్యూజియం అధిపతి మోరిస్ షెహాబ్ బరువైన రాతి శవపేటికలను, విగ్రహాలను కదిలించలేక వాటి చుట్టూ కాంక్రీటు పోయించాడు. ఫినీషియన్ అక్షరాలతో రాసిన అహీరాం రాజు శవపేటిక ఆ కాంక్రీటు పెట్టెలోనే బతికింది. ఒక మొజాయిక్‌కు మాత్రం మూలన పెద్ద కన్నం. స్నైపర్లు అక్కడి నుంచి కాల్చడానికి చేసుకున్నది. ఆ మొజాయిక్ మీద ఉన్న బొమ్మ మంచి కాపరిది. కన్నాన్ని అలాగే ఉంచారు.

అక్కడి నుంచి నడిచి సోడెకో కూడలి. బరకాత్ భవనం, పసుపు ఇల్లు, 1924లో కట్టడం మొదలైంది. రెండు భాగాల మధ్య మూలన ఖాళీ వదిలి స్తంభాలతో కలిపారు, ప్రతి గదిలోకీ గాలీ వెలుతురూ రావాలని. ఆ అందమే శాపమైంది. లోపలి గదిలో చీకట్లో కూర్చుని స్నైపర్ ఆ ఖాళీ గుండా కూడలి మొత్తం చూడగలిగేవాడు. కూల్చేయాలని చూస్తే మోనా హల్లాక్ అనే ఆర్కిటెక్టు ఏళ్ల తరబడి పోరాడి నిలబెట్టింది.

చివరగా జిబ్రాన్ తోట. కనబడకుండా పోయినవాళ్ల కుటుంబాలు 2005 ఏప్రిల్‌లో ఇక్కడ, ఐక్యరాజ్యసమితి భవనం ఎదురుగా, గుడారం వేసుకున్నాయి. ప్రభుత్వం చెప్పే లెక్క 17,000 మంది. వదాద్ హల్వానీ అనే ఆవిడ భర్తను 1982లో తీసుకెళ్లారు. ఆ ఏడే ఆమె అలాంటి ఆడవాళ్లను పోగుచేసింది. ముస్లింలూ క్రైస్తవులూ కలిసే, ఇంకా యుద్ధం జరుగుతుండగానే. 1985లో కొడుకూ కూతురూ ఒకేరోజు మాయమైన ఒక తల్లి, 2009లో ఈ గుడారానికి వస్తూ కారు కింద పడి చనిపోయింది. 1991లో చేసిన క్షమాభిక్ష చట్టం వల్ల మిలీషియా నాయకుల్లో చాలామంది మంత్రులయ్యారు, కింద నిలబడ్డవాళ్లు టాక్సీలు నడుపుకున్నారు. పోయినవాళ్ల కోసం వెతకాలన్న చట్టం మాత్రం 2018 నవంబరులో వచ్చింది, యుద్ధం ముగిశాక ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. చంపినవాణ్ణి జైల్లో వేయమని ఈ తల్లులు అడగడం లేదు. ఎముకలు ఎక్కడున్నాయో చెప్పమంటున్నారు, అంతే. చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు, వయసు మళ్లుతున్నారు, రోజుకొకరు పోతున్నారు.

అమ్మో తోటలోకి రాలేదు. కారులోనే కూర్చున్నాడు. నేను తిరిగి వచ్చి, ముందు సీటులో ఆయన పక్కన కూర్చుని, అన్నాను: "ఎక్కడ పాతిపెట్టారో తెలిస్తే వాళ్లకు చెప్పండి. మీ పేరు చెప్పక్కర్లేదు."

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఏప్రిల్ 17, బుధవారం

ఎయిర్‌పోర్ట్. డబ్బులు లెక్కపెట్టి ఇస్తే తీసుకున్నాడు. తమ్ముడు సామాను దించుతున్నాడు. అమ్మో డాష్‌బోర్డు మీదున్న ఆదివారం నాటి ఒలీవ కొమ్మ తీసి నాకిచ్చాడు. ఆకులు అప్పటికే ముడుచుకున్నాయి.

"మదామ్, మీ చర్చిలో మీ భాషలో ఒకరి కోసం ప్రార్థన చేయించండి. ఇక్కడ నేను చేయించలేను."

"పేరు?" అన్నాను.

"పేరు చూడలేదు. కార్డులో మతం చూశాను, అంతే."

ఏప్రిల్ 19, గుంటూరు

మంచి శుక్రవారం. ఏడు మాటల ఆరాధన మొదలవడానికి ముందు, ప్రార్థన మనవులు రాసుకునే పుస్తకం పట్టుకుని పాస్టరుగారు వరసల మధ్య నడుస్తున్నారు. నా దగ్గర ఆగారు.

"ఎవరి కోసమమ్మా?"

"చనిపోయిన ఒకాయన కోసమండీ. బీరూట్‌లో."

"బంధువులా? పేరు చెప్పండి, రాసుకుంటాను."

"పేరు తెలియదండీ. ముస్లిం."

ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాసుకుని ముందు వరసకు వెళ్లారు.